కోట గేటు దగ్గర 'స్టాఫ్' అన్నవాడు

చరిత్రలో కోటలు పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఏనుగులతో తలుపులు బద్దలు కొట్టించినవాళ్లున్నారు, ఫిరంగులు పేల్చినవాళ్లున్నారు, లోపలివాడికి లంచమిచ్చి దొడ్డిగుమ్మం తీయించినవాళ్లున్నారు. ఒకే ఒక్క మాటతో కోటలో జొరబడి, సాయంత్రం దాకా బయటపడలేక, కాబోయే మామగారి ఎదుట ముక్కు మీద సున్నంతో నిలబడిన వీరుణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం మీకిప్పుడు చెప్పబోతున్నాను. మొహమాటం లేకుండా నవ్వండి. మా ఆవిడ పెళ్లినాటి నుంచీ నవ్వుతూనే ఉంది, కొత్తగా మీరు నవ్వితే నాకు పోయేదేమీ లేదు.

ముందు ఆ మాట సంగతి చెప్పాలి. మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంటులో పుట్టిన పిల్లలకి 'అమ్మ' తర్వాత వచ్చే మాట 'స్టాఫ్'. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపులో పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయారు. వాళ్లు రెక్కలు ముక్కలు చేసుకుంటే మేము దర్జా నేర్చుకున్నాం. రైలెక్కుతాం, టికెట్ ఉండదు. టీటీఈ వచ్చి చెయ్యి చాపితే 'స్టాఫ్' అంటాం. ఆయన ముందుకు వెళ్లిపోతాడు. అంతే.

ఇదేదో తేలికనుకునేరు, దీనికో విద్య ఉంది. గట్టిగా అనకూడదు, బతిమాలుతున్నట్టు అసలే ఉండకూడదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆవలింత మధ్యలో వదిలెయ్యాలి. నిజంగా ఉద్యోగం ఉన్నవాడు జేబులోంచి పాస్ తీసి చూపిస్తాడనుకోండి. చూపించడానికేమీ లేనివాడికే ఈ ఆవలింత కావాలి. ఆ విద్యలో నేను ఘనాపాఠీని. సినిమా హాల్లో, ఇందా పేటలో సైకిల్ స్టాండు దగ్గర, ఆఖరికి గోల్‌బజార్లో చేపలవాడి దగ్గర కూడా అలవాటుగా అనేసి తిట్లు తిన్నాను. దేశం మొత్తం మా నాన్న పనిచేసే డిపార్టుమెంటే అని నా నమ్మకం.

ఇంతా చేసి నాకు రైల్వే ఉద్యోగం ఉందా అంటే, లేదు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నేను గోల్‌బజార్లో ఒక మొబైల్ కొట్లో ఫోన్ల మీద గాజుపొర అంటించేవాణ్ని. రైల్వే పరీక్ష రాస్తూనే ఉన్నాను, తప్పుతూనే ఉన్నాను. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె అన్నారు. నా మీసాలకు ఏకంగా రైలింజను ఆయిలే రాసేవాణ్ని.

అలాంటి నాకు హేమ సంబంధం వచ్చింది. హేమ అసిస్టెంట్ లోకో పైలట్. ఇంజన్లో డ్రైవరు పక్కన కూర్చుని సిగ్నళ్లు చూసి అరిచి చెప్పే ఉద్యోగం. మా అమ్మా వాళ్లమ్మా గుళ్లో కుంకుమ పూజల స్నేహితులు కాబట్టి గానీ, లేకపోతే అలాంటి పిల్ల నావైపు ఎందుకు చూస్తుంది? పైగా ఆ పిల్లను దేవుడి గుడి వెనకా, లెవెల్ క్రాసింగు దగ్గరా చూసి చూసి నేను ఎప్పుడో పడిపోయి ఉన్నాను. ఈ సంబంధం తప్పితే గాజుపొరలు అంటించుకుంటూ సన్యాసంలో కలిసిపోవాలని కూడా నిశ్చయించుకున్నాను.

ఒకటే చిక్కు. వాళ్ల నాన్న గోవిందరావు గారు రిటైరైన టీటీఈ.

మామూలు టీటీఈ అయితే చిక్కేముంది? ఈయన సర్వీసంతా 'స్టాఫ్' అన్న మాటను నమ్మనివాడు. "స్టాఫా? పాస్ తియ్యి" అనేవాడు. సొంత బావమరిదికి జరిమానా రాశాడని, ఆ బావమరిది ఇప్పటికీ పండక్కి రాడని మా పేటలో చెప్పుకునేవారు. పెళ్లిచూపులు ఇంట్లో వద్దన్నది కూడా ఆయనే.

"ఇంట్లో కూకోబెట్టి బజ్జీలెడితే పెతీవోడూ బుద్ధిమంతుడే సింహాచలం," అన్నాడు మా నాన్నతో. "మనిషి గుణం క్యూలో తెలుస్తాది. కలకత్తాలో కోట సూపిస్తన్నారట. అందరం కలిసెల్దాం. కుర్రోడెలాటోడో ఎండలో సూత్తాను."

ఆ కోట పేరు చెప్పను. అందులో ఇప్పటికీ పటాలం ఉంది, గేటు దగ్గర నా ఫొటో కూడా ఇంకా ఉండే ఉంటుంది. హుగ్లీ ఒడ్డున ఉన్న పెద్ద కోట అనుకోండి చాలు. సెలవురోజుల్లో ముందుగా పేర్లిచ్చుకున్నవాళ్లని లోపలికి తీసుకెళ్లి, సుబేదారు ఒకాయన వెంట నడిచి అన్నీ చూపిస్తాడు.

ఉదయం లోకల్లో బయల్దేరాం. గోవిందరావు గారు అందరికీ టికెట్లు తనే కొని, నా టికెట్ నా చేతికిస్తూ, "ఎప్పుడైనా సూసినావా బాబూ దీన్ని?" అన్నాడు. నేను వినయంగా నవ్వాను. మా అమ్మ కొన్న మామిడాకు పచ్చ చొక్కా వేసుకున్నాను, కొత్త తెల్లబూట్లు తొడుక్కున్నాను. హేమ ఎదురుగా కూర్చుని కిటికీలోంచి సిగ్నళ్లు చూసుకుంటోంది. సెలవురోజున కూడా పెదాలు కదుపుతూ వాటిని లోలోపల చదువుకుంటోంది. నావైపు ఒకసారి చూసింది. నేనేదో ఎర్ర సిగ్నల్ అయినట్టు అక్కడే ఆగింది ఆ చూపు. నేను తబ్బిబ్బైపోయాను.

కోట దగ్గరికి వెళ్లేసరికి సందర్శకుల క్యూ రోడ్డు దాకా ఉంది. ఎండ మాడిపోతోంది. గోవిందరావు గారు వెళ్లి క్యూ చివర నిలబడి, గొడుగు విప్పి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. క్యూ చూస్తే ఆయనకి గుళ్లోకి వచ్చినట్టుంటుంది. నిజమైన రైల్వే ఉద్యోగి హేమ, జేబులో నిజమైన కార్డు పెట్టుకుని, ఆయన వెనకాల నోరెత్తకుండా నిలబడింది. ఏ ఉద్యోగమూ లేని నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రైల్వేవాడి కొడుకు క్యూలో నిలబడడమా!

అప్పుడు కనబడింది, కాస్త అవతలగా, చిన్న గేటు. కొందరు మగాళ్లు చకచకా లోపలికి పోతున్నారు. క్యూ లేదు, గొడుగూ లేదు. నా బుర్రలో దీపం వెలిగింది. లోపల మాట్లాడి వీళ్లందర్నీ ఆ దారిన పిలిపించేస్తే? మామగారు నా పలుకుబడి చూసి నోరు తెరవడూ? హేమ ఈసారి పచ్చ సిగ్నల్ ఇవ్వదూ?

"మంచినీళ్లు తెస్తానమ్మా," అని మా అమ్మకు చెప్పి అటు నడిచాను.

గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను నన్ను ఎగాదిగా చూసి, ఎవరని అడిగాడు. నేను అతని భుజం మీదుగా ఆకాశంకేసి చూస్తూ, ఆవలింత మధ్యలో వదిలేశాను.

"స్టాఫ్."

"ఏ స్టాఫ్? సున్నం బ్యాచ్చా?" అన్నాడు హిందీలో.

రైల్లో అయితే ఎవడూ రెండో ప్రశ్న వెయ్యడు. వేస్తే తల ఊపాలి, అది మా శాస్త్రం. ఊపాను.

అంతలో లోపల్నుంచి ఒక బక్కపలచటి బెంగాలీ ఆయన పరుగున వచ్చాడు. బిశూదా అట, సున్నం కాంట్రాక్టరు మేస్త్రీ. రావలసిన కూలీ ఒకడు రాలేదు, లోపల పటాలం వాళ్లు తలలు లెక్కపెట్టబోతున్నారు. ఆయనకి నేను దేవుడు పంపిన తలలా కనబడ్డాను.

"ఇంత ఆలస్యమేంట్రా? రా, రా!" అని బెంగాలీలో కసిరి, "మా మనిషే" అని జవానుకి చెప్పి, నా రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. గేటు దగ్గర నా ఫొటో తీసి, ఫోను పెట్టెలో వేయించారు. ఒంటికి నారింజరంగు జాకెట్ తగిలించారు. ఒక చేతికి బకెట్టు, ఇంకో చేతికి కుంచె ఇచ్చారు. వెనక గేటు మూసుకున్న చప్పుడు వినబడింది.

మాటలు కోటలు దాటుతాయంటారు మన పెద్దలు. నా మాట దాటింది నిజమే. దాని వెనకాల నన్ను కూడా ఈడ్చుకుపోతుందని ఎవరూ చెప్పలేదు.

"దాదా, పొరపాటైంది, నేను కూలీని కాదు, కోట చూడ్డానికొచ్చాను," అన్నాను బెంగాలీలో.

బిశూదా ఆగిపోయి నా మొహం చూశాడు. "మరి గేటు దగ్గర ఏం చెప్పావు?"

"స్టాఫ్ అని."

"ఎవరికి చెప్పావు?"

"ఆ తుపాకీ ఆయనకి."

"పటాలం వాళ్లకి అబద్ధం చెప్పి కోటలోకి వచ్చావన్నమాట." ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడా సంగతి బయటపడితే నిన్ను లోపలేస్తారు, నా కాంట్రాక్టు బయటేస్తారు. సాయంత్రం అందర్నీ లెక్కపెట్టి బయటికి పంపుతారు. అప్పటిదాకా నువ్వు కూలీవే. కుంచె ముంచు."

రోట్లో తలపెట్టి రోకటిపోటుకి వెరవకూడదంటారు. నేను బకెట్లో చెయ్యి పెట్టాను.

మర్నాడు ఎవరో పెద్ద అధికారి వస్తున్నాడట. దారికి రెండువైపులా ఇటుకలు ఏటవాలుగా పాతి ఉన్నాయి. ఒకదానికి గేరు, అంటే ఎర్రమట్టి రంగు, పక్కదానికి సున్నం. మళ్లీ గేరు, మళ్లీ సున్నం. ఆ దారి ఎక్కడ మొదలైందో చూశాను గానీ, ఎక్కడ అయిపోతుందో నాకు కనబడలేదు. బాజాభజంత్రీల మధ్య పారాణి పెట్టించుకోవలసిన వయసులో ఇటుకలకి పారాణి పెడుతూ గొంతుక్కూర్చున్నాను.

మొదట్లో నా పద్ధతిలో నేను చేశాను. ఎరుపు తెలుపులోకి పోయింది, తెలుపు ఎరుపులోకి పోయింది, రెండూ కలిసి నా బూట్లలోకి పోయాయి. బిశూదా వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

"ఎక్కడివాడివిరా నువ్వు?"

"ఖరగ్‌పూర్. మా నాన్న రైల్వే."

"అదీ సంగతి! ఇది రైల్వే కాదు నాయనా, గీత దాటితే ఇక్కడ ఊరుకోరు. తుడిచి మళ్లీ వెయ్యి."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. మా నాన్న జీవితమంతా వెంట్రుకవాసి తేడా లేకుండా ఇనుము అరగదీసిన మనిషి. ఆయన పేరు చెప్పుకుని ఆవలించడం తప్ప నేనేం చేశాను? రోషం వచ్చింది. తుడిచి మళ్లీ వేశాను. ఈసారి అంచు తిన్నగా వచ్చింది. దాని పక్కది ఇంకా తిన్నగా వచ్చింది. నమ్మండి నమ్మకపోండి, ఇటుక తర్వాత ఇటుక వేసుకుంటూ పోతుంటే, నేనక్కడ ఎందుకున్నానో కూడా మరిచిపోయాను. వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ వరస కంటికి ఇంపుగా ఉంది. కొత్తగా కట్టిన చీర అంచులాగ మెరిసిపోతోంది.

సరిగ్గా అప్పుడు తెలుగు వినబడింది.

"మావోడెక్కడికి పోనాడో సూడండి! మంచినీల్లకని ఎల్లినోడు గంగలో దూకినాడేటి?" అది మా అమ్మ.

"ఏ టీకొట్టు కాడో బాతాఖానీ ఎట్టుంటాడు, వొదిలెయ్," అది మా నాన్న.

తల ఎత్తకుండా ఓరగా చూశాను. మీసాల సుబేదారు ముందు నడుస్తున్నాడు. వెనకాల గుంపు. అందులో గొడుగుతో గోవిందరావు గారు, ఆయన పక్కన హేమ. జాకెట్ పైకి లాక్కుని, మొహం గోడవైపు తిప్పి, కుంచె ఆడిస్తూ కూర్చున్నాను. ఆ కోటలో నడవడానికి ఎన్ని దారులున్నాయో, ఆగడానికి ఎన్ని చోట్లున్నాయో! సుబేదారు సరిగ్గా నా వీపు వెనకే ఆగాడు. అక్కడ ఒక పాత ఫిరంగి ఉంది, నా ఖర్మ.

ఫిరంగి కథ చెప్పాడు, కందకం కథ చెప్పాడు. చివరికి ఛాతీ విరుచుకుని హిందీలో, "ఇన్నేళ్లలో ఈ కోటలోకి దొంగతనంగా ఒక్కడు కూడా అడుగుపెట్టలేకపోయాడు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ కొట్టాలనిపించింది గానీ చేతుల నిండా సున్నం.

గోవిందరావు గారు మాత్రం ఫిరంగిని చూడ్డంలేదు. "సూసినావా సింహాచలం," అన్నాడు మా నాన్నతో, "ఈ కూలికుర్రోడు ఎంత సెద్దగా ఏస్తన్నాడో! గీత సూడు, దారం కట్టినట్టుంది. క్యూలోంచి మాయమైపోనాడే మీవోడు, ఆడొచ్చి ఈ కుర్రోడి దగ్గర నేర్చుకోవాల."

మా నాన్న తల వంచుకున్నాడు. "నిజమేనండి," అన్నాడు.

"నాకీ సంబంధం మీద మనసు సెడిపోనాది. ఏటనుకోకు. పిల్లకి పనోడు కావాల. దర్జాగాడు మనకెందుకు?"

నన్ను నాకంటే తక్కువవాడని తేల్చి, ఆ తక్కువవాడికి పిల్లనివ్వనంటున్నాడు. ఈ సమస్యకి ఏ కోర్టులో తీర్పు దొరుకుతుందో మీరే చెప్పండి. ఇటుకల మధ్యలో నా సంసారం కూలిపోతుంటే, నేను ముక్కు గోక్కుని ముక్కుకి సున్నం పూసుకున్నాను.

గీతను దగ్గర్నుంచి చూడాలని కాబోలు, గోవిందరావు గారు గొడుగు మడిచి ముందుకొచ్చాడు. ఆయన పాత తోలుచెప్పు గాల్లోకి లేచింది. తిన్నగా, అప్పుడే వేసిన, తడి ఆరని, నా జీవితంలోకెల్లా అందమైన తెల్ల ఇటుక మీదికి దిగుతోంది. సంబంధం, జైలు, పరువు అన్నీ ఒక్కసారి మరిచిపోయాను.

"అడుగెయ్యకండి మావయ్యగారూ! తడి! తడి!" అని గావుకేక పెట్టాను, స్వచ్ఛమైన తెలుగులో.

చెప్పు గాల్లో ఆగింది. గుంపంతా ఆగింది. సుబేదారు మీసం కూడా ఆగింది.

"రమణా!" అంది మా అమ్మ.

"ఒరే!" అన్నాడు మా నాన్న.

నేను లేచి నిలబడ్డాను. చేతిలో కుంచె, ముక్కు మీద సున్నం, బూట్లలో గేరు. బిశూదా దూరం నుంచి చూసి, ఫిరంగి వెనక్కి తప్పుకున్నాడు.

సుబేదారు నా దగ్గరికొచ్చి జాకెట్‌ని చూశాడు, దానికింద పచ్చ చొక్కాని చూశాడు. కూలీ చొక్కాకి అంత ఇస్త్రీ ఎందుకుంటుందని ఆయన అనుమానం. తర్వాత గోవిందరావు గారివైపు తిరిగి, "ఈ మనిషి మిమ్మల్ని పిలిచాడు. ఇతను మీకు తెలుసా? ఎవరు?" అన్నాడు.

అప్పుడు మా మామగారి మొహం మీరు చూడాల్సింది. సర్వీసంతా అబద్ధమాడనివాడు, బావమరిదిని వదలనివాడు. 'వీడు మాతో వచ్చినవాడు, గేటు దగ్గర అబద్ధం చెప్పి దూరి ఉంటాడు' అంటే చాలు, నా పెళ్లి జైలుతో అయిపోతుంది. ఆయన నన్ను చూశాడు. నా కుంచెను చూశాడు. వెనకాల ఆ మలుపు దాకా సాగిన ఎర్ర తెల్ల వరసను, ఒక్కొక్క ఇటుకే టికెట్ చూసినట్టు చూసుకుంటూ వచ్చాడు. మా అమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కేస్తోంది.

గోవిందరావు గారు గొంతు సవరించుకున్నాడు. కోట గోడల పైకి, ఆకాశంకేసి చూశాడు.

"స్టాఫ్," అన్నాడు.

సుబేదారు తల ఊపి, "పని బాగా చేస్తున్నాడు," అని ముందుకు నడిచాడు. గుంపు కదిలింది. గోవిందరావు గారు ఒక్క క్షణం వెనక ఉండిపోయి, నా చెవి దగ్గరికొచ్చాడు.

"సర్వీసులో పెతీ ఎదవా ఈ మాట నాతో అన్నాడు. ఒక్కణ్నీ నమ్మలేదు. ఇయ్యాల నా నోటితో నానే అన్నాను. అబద్ధం కాకుండా సూసుకో. ఆ మలుపు దాకా పూర్తి సేసి రా."

"అలాగేనండి," అన్నాను. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

హేమ వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. "వొచ్చేటప్పుడే గుర్తుపట్టినాను," అంది మెల్లగా. "ఎర్రా తెలుపూ మధ్యలో పచ్చ కనబడితే నాకు తెలీదేటి? సూడ్డమే నా ఉద్యోగం."

"మరి చెప్పలేదేం?"

"పని బాగా సేస్తన్నావు గదా, మద్దెలో ఆపడం ఎందుకని." మళ్లీ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అదిగో, ఆ మూడో ఇటుక ఒంకర. సరిసెయ్యి."

నిజంగానే వంకరే. సరిచేశాను.

సాయంత్రం తలలు లెక్కపెట్టి నన్ను బయటికి వదిలారు. బిశూదా కూలి ఇవ్వబోతే దండం పెట్టి పారిపోయాను. తర్వాత మళ్లీ రమ్మని గోల్‌బజార్ కొట్టుకి ఫోన్లు చేసేవాడు, అంత నచ్చాను. తిరుగు లోకల్ ఎక్కాం. టీటీఈ వచ్చి టికెట్ అడిగితే, నేను జేబులోంచి నా టికెట్ తీసి, రెండు చేతులతో, ప్రసాదం అందించినట్టు అందించాను. దానికి అక్కడక్కడా సున్నం అంటుకుంది. గోవిందరావు గారు గొడుగు పిడి మీద గడ్డం ఆనించుకుని అదంతా చూశాడు. పెళ్లి ఆ వేసవిలోనే అయింది.

కాబట్టి, హుగ్లీ గంగ సాక్షిగా, ఖరగ్‌పూర్ పొడవాటి ప్లాట్‌ఫారం సాక్షిగా, మా మామగారి గొడుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఏ గేటు దగ్గరా, ఏ రైల్లోనూ, ఏ చేపలవాడి దగ్గరా ఆ మాట నా నోట రానివ్వను. రానిచ్చే అవసరం కూడా లేదు లెండి. ఇప్పుడు మా క్వార్టర్లో గోడ మాసినా, అరుగు అంచు చెరిగినా, మా హేమ వంటింట్లోంచి బయటికి కూడా రాదు. కిటికీలోంచి ఎటో చూస్తూ, ఆవలింత మధ్యలో ఆ మాట వదులుతుంది. నేను బకెట్టు పట్టుకుని వెళ్తాను.